సీమ, మండపం, మెట్లు

సూర్యాపేట జిల్లా నాగారం మండలంలో ఫణిగిరి అనే ఊరుంది. ఊరిని ఆనుకుని పడగ విప్పిన పాములా ఒక గుట్ట. ఊరికి ఆ పేరు గుట్ట వల్లే వచ్చింది. దగ్గరలో మూసీకి ఉపనది అయిన బిక్కేరు వాగు. గుట్టెక్కితే మహాస్తూపం చుట్టుకట్టు, దాని పక్కన అర్ధవృత్తాకారపు చైత్యగృహాల ఇటుక పునాదులు, భిక్షువులు నివసించిన గదుల వరుసలు కనిపిస్తాయి. వాటితో పాటు రాతి స్తంభాల సభామండపం ఒకటి. నిజాం కాలంలో, 1940లలోనే, ఈ గుట్ట పురావస్తు శాఖ దృష్టికి వచ్చింది. 2001 తర్వాత విరివిగా తవ్వకాలు జరిగాయి. ఇక్కడ దొరికిన శిల్పాలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో తొలి బౌద్ధ కళ మీద జరిగిన ప్రదర్శన దాకా వెళ్లాయి. వార్తలన్నీ శిల్పాల చుట్టూ తిరిగాయి. కానీ చదువుల చరిత్ర రాసేవాడు ముందు ఆగవలసింది సభామండపం దగ్గర.

ఉండడానికి గదులున్నాయి, కొలవడానికి స్తూపముంది. మరి మండపమెందుకు? దీనికి జవాబు భిక్షువుల నియమాల గ్రంథమైన వినయపిటకంలో ఉంది. పక్షానికోసారి ఉపోసథం జరగాలి. ఒక విహారానికి చెందిన భిక్షువులంతా ఒకచోట కూర్చుని ప్రాతిమోక్ష నియమాలు వల్లించాలి, తప్పు చేసినవారు ఒప్పుకోవాలి. అయితే ‘ఒక విహారానికి చెందినవారు’ ఎవరో ముందు తేలాలి కదా. అందుకే సంఘం తన పొలిమేరను ప్రకటించుకునేది. కొండ, బండ, అడవి, చెట్టు, దారి, పుట్ట, నది, నీటి మడుగు: ఈ ఎనిమిదింటిలో అందుబాటులో ఉన్నవాటిని గుర్తులుగా పెట్టుకునేది. ఆ పొలిమేర పేరు సీమ. సీమ లోపలున్న ప్రతి భిక్షువూ సభకు రావాలి. వచ్చినవారిని శలాకలతో, అంటే చిన్న పుల్లలతో, లెక్కపెట్టే పద్ధతి కూడా వినయంలో ఉంది. మంచాన పడ్డవాడు తన సమ్మతిని మరొకరి ద్వారా పంపాలి. లోపలున్నవారిని వదిలేసి కొందరు మాత్రమే కూర్చుని చేసుకున్నది సంఘకార్యం అనిపించుకోదు.

ఈ విహారాలను నేడు మనం ‘ప్రాచీన విశ్వవిద్యాలయాలు’ అంటున్నాం. శాసనాలు అలా అనవు, విహారమనే అంటాయి. అయినా ఆ మండపాన్నీ సీమ నియమాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మన విశ్వవిద్యాలయాలకు పనికొచ్చే ప్రశ్న ఒకటి దొరుకుతుంది. విద్యాసంస్థకు అందరూ కలుసుకునే కేంద్రం కట్టాలనుకున్నప్పుడు హాలు పొడవు వెడల్పుల లెక్క తర్వాత సంగతి. సీమ ఎంతవరకు, లోపలున్నవారందరూ వచ్చారా అన్నది ముందు చూడవలసిన లెక్క. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ పిల్లలు ఉన్నత చదువుల కోసం నడిచిన దారిని ఈ ప్రశ్న వెంట చూస్తే, మంచి మంచి కట్టడాల మధ్య ఆ లెక్క ఎక్కడెక్కడ తప్పిందో తెలుస్తుంది.

బోధిసిరి కట్టించిన మండపాలు

ఫణిగిరికి దక్షిణాన, కృష్ణానది ఒడ్డున, ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. అదే నాగార్జునకొండ లోయ. 1926లో ఎ. రంగస్వామి సరస్వతి ఆ లోయలో శాసనాలను గుర్తించిన తర్వాత లాంగ్‌హర్స్ట్, టి.ఎన్. రామచంద్రన్, చివరికి ఆర్. సుబ్రహ్మణ్యం వరుసగా తవ్వకాలు జరిపారు. బయటపడ్డ విహారాల్లో చాలావాటికి ఒకే రకం అమరిక. నడుమ స్తంభాల మండపం, దాని చుట్టూ మూడు వైపులో నాలుగు వైపులో గదులు. ఏ గదిలోంచి బయటికి అడుగు పెట్టినా ఎదురయ్యేది మండపమే. పక్కవాణ్ని తప్పించుకుని తిరగడం ఆ కట్టడంలో కష్టం.

ఈ మండపాలన్నీ రాజులు కట్టించినవి కావు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరంలో బోధిసిరి అనే ఉపాసిక చెక్కించిన శాసనం ఉంది. సింహళ దేశపు థేరుల, అంటే పెద్ద భిక్షువుల, కోసం చుళ్ళధమ్మగిరి మీద చైత్యగృహం కట్టించి, దానితో పాటు తాను వేరే చోట్ల చేయించిన పనులన్నిటినీ ఆమె అందులో వరుసగా రాయించింది. సింహళ విహారంలో బోధివృక్షానికి గుడి, మహాధమ్మగిరి మీద ఒక గది, మహావిహారంలో మండపానికి ఒక స్తంభం, దేవగిరి మీద సాధనకు ఒక శాల, పూర్వశైలంలో చెరువూ వసారా మండపమూ, కంటకసేలలో, అంటే నేటి ఘంటసాలలో, మహాచైత్యం తూర్పు వాకిట రాతి మండపం, మరో చోట మూడు గదులు, ఇంకో చోట ఏడు గదులు, పుష్పగిరి మీద రాతి మండపం.

ఈ పట్టికను రెండోసారి చదివితే ఒక సంగతి బోధపడుతుంది. ఒక చోట గది, ఒక చోట స్తంభం. మహావిహారంలో మండపం మొత్తం ఆమెది కాదు, అందులో ఒక్క స్తంభం మాత్రమే ఆమె పేరున ఉంది. మిగతా స్తంభాల ఖర్చు వేరే చేతుల మీదుగా వచ్చి ఉండాలి. అంటే సంఘం కూర్చునే చోటు పదిమంది చందాతో లేచిన చోటు. ఫణిగిరిలోనూ ఇలాంటి సాక్ష్యమే ఉంది. అక్కడ అదే వంశపు రాజు రుద్రపురుషదత్తుడి 18వ పాలనా సంవత్సరపు శాసనం ధర్మచక్ర స్థాపన గురించి చెబుతుంది. చేయించినవాడు రాజు కాదు, వైద్యుడు.

ఆ తర్వాతి వెయ్యేళ్లకు పైగా కాలంలో ఈ ప్రాంతపు చదువులు అగ్రహారాల్లోకి, మఠాల్లోకి, గుళ్లలోకి, మసీదుల పక్కనున్న మదరసాల్లోకి, చివరికి ఊళ్లలో అరుగు మీది బడుల్లోకి వెళ్లాయి. సూర్యాపేట పక్కనే పిల్లలమర్రిలో కాకతీయుల నాటి గుళ్లు ఇప్పటికీ నిలిచి ఉన్నాయి. వాటి మండపాలు చూడ్డానికి నలువైపులా తెరిచే ఉంటాయి. కానీ ఆ మండపాల సీమ కులాన్ని బట్టి గీసింది. ఎవరు మండపం దాకా రావచ్చో, ఎవరు వాకిటి బయటే ఆగాలో పుట్టుకే తేల్చేది. కట్టడానికి తలుపు లేదు కాబట్టి అది అందరిదీ అనుకోవడానికి వీల్లేదు.

అద్దె బంగళాల నుంచి అడిక్‌మెట్ దాకా

నిజాం రాజ్యంలో నల్లగొండ జిల్లా పిల్లవాడు పై చదువు చదవాలంటే హైదరాబాదు పోవలసిందే. సూర్యాపేట, మిర్యాలగూడ తాలూకా కేంద్రాలు. కోదాడ హుజూర్‌నగర్ తాలూకాలోని ఊరు. హైదరాబాదులో 1887లో మొదలైన నిజాం కళాశాల ఉంది, కానీ అది మద్రాసు విశ్వవిద్యాలయానికి అనుబంధం. 1857లో కలకత్తా, బొంబాయి, మద్రాసుల్లో పెట్టిన విశ్వవిద్యాలయాలకు లండన్ విశ్వవిద్యాలయం నమూనా. పాఠం చెప్పేది కళాశాల, పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది విశ్వవిద్యాలయం. ఆ ఏర్పాటులో విద్యార్థికి విశ్వవిద్యాలయమంటే ఒక ప్రశ్నపత్రం, ఒక ముద్ర. అందరూ కలిసి కూర్చునే చోటు ఆ ఊహలో లేదు.

ఉస్మానియా ఊహ వేరు. నిజాం కొలువులోని అక్బర్ హైదరీ విజ్ఞప్తి మీద ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ 1917 ఏప్రిల్ 26న ఫర్మానా ఇచ్చాడు. ఉర్దూ బోధనా భాషగా, ఇంగ్లీషు తప్పనిసరి పాఠ్యాంశంగా, పాఠాలు చెప్పే విశ్వవిద్యాలయం కావాలన్నది సంకల్పం. పుస్తకాల కోసం అనువాద కేంద్రం పుట్టింది. 1919లో 225 మంది విద్యార్థులు, 25 మంది అధ్యాపకులతో తరగతులు మొదలయ్యాయి. చోటు బషీర్‌బాగ్‌లో, నిజాం కళాశాల పక్కన. సొంత గడ్డ లేదు. ఒక కొత్త భాషలో విజ్ఞానం బోధించాలని బయలుదేరిన సంస్థ పదిహేనేళ్లు తాత్కాలికపు కప్పుల కింద గడిపింది.

ఆ రోజుల్లో ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలకు కేంద్రమంటే వసతి గృహమే. 1918లో రాజా బహద్దూర్ వెంకటరామారెడ్డి పూనికతో వెలసిన రెడ్డి హాస్టల్ వాటిలో పేరు మోసింది. నల్లగొండ జిల్లా బొల్లేపల్లి నుంచి వచ్చిన రావి నారాయణరెడ్డి లాంటివారు అక్కడ ఉండి చదివారు. పత్రికలు చదవడం, సభలు పెట్టుకోవడం, ఊరి కబుర్లను రాజకీయాలుగా మార్చుకోవడం ఆ హాస్టల్ జీవితంలో భాగం. 1901లో ఏర్పడ్డ శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం అప్పటికే తెలుగు చదువరులకు కలుసుకునే చోటు. చదువు ఒక చోట, తమ భాషలో మాట్లాడుకునే చోటు మరొకటి. ఆ తరం రెండింటి మధ్యా తిరిగింది.

భాష సంగతి ఎంత నలుగుతూ ఉండిందో 1921లో వివేకవర్ధని థియేటరులో జరిగిన సంస్కరణ సభ చూపించింది. ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే సభికులు గేలి చేశారు. ఒకే కప్పు కింద కూర్చున్నంత మాత్రాన అది అందరి సభ కాదని తెలుగువారికి అక్కడ తెలిసివచ్చింది. ఆ అవమానం నుంచే నిజాం రాష్ట్ర ఆంధ్ర జనసంఘం పుట్టింది. తర్వాతి ఏళ్లలో దాని సభలూ గ్రంథాలయ సభలూ జిల్లాలకు తరలాయి. 1928లో సూర్యాపేట అలాంటి సభకు వేదికైంది. అనుమతి లేనిదే సభ పెట్టరాదన్న ఆంక్షల కాలంలో పుస్తకాల పేరున పదిమంది కూడడమే ఒక పని. హైదరాబాదులో తమకు చోటు చాలనివారు చోటునే ఊరికి తెచ్చుకున్నారు.

ఉస్మానియాకు సొంత గడ్డ వెతికే పని స్కాట్లాండుకు చెందిన పాట్రిక్ గెడ్డిస్‌కు అప్పగించారు. అప్పట్లో ఆయన బొంబాయి విశ్వవిద్యాలయంలో సమాజశాస్త్ర ఆచార్యుడు. నగరాలను నడిచి చూసి, తర్వాతే కాగితం మీద గీత గీసేవాడని పేరు. అంతకు ముందు జెరూసలేంలో హీబ్రూ విశ్వవిద్యాలయానికి పెద్ద గుమ్మటం కింద ఒక మహాసభామందిరం ఊహించాడు, అది కట్టడానికి నోచుకోలేదు. హైదరాబాదు చుట్టుపక్కల స్థలాలు పరిశీలించి 1923లో నివేదిక ఇచ్చాడు. చివరికి విశ్వవిద్యాలయం అడిక్‌మెట్ గుట్టల మీదికి చేరింది. ఒకప్పుడు కవయిత్రి మహ్‌లఖా బాయి చందా జాగీరుగా పేరుపడ్డ నేల అది.

తర్వాత సయ్యద్ అలీ రజా, జైన్ యార్ జంగ్ అనే ఇద్దరు నిపుణులను ప్రభుత్వం ప్రపంచ యాత్రకు పంపింది. వారు యూరపు, అమెరికా, ఈజిప్టు, జపాను తిరిగి విశ్వవిద్యాలయాలు ఎలా కడుతున్నారో చూసి వచ్చారు. కైరో పక్కన హీలియోపొలిస్‌లో పనిచేసిన బెల్జియన్ వాస్తుశిల్పి జాస్పర్ నమూనాలు గీశాడు. 1934 జూలై 5న నిజాం ఆర్ట్స్ కాలేజీకి శంకుస్థాపన చేశాడు. జాస్పర్ వెళ్లిపోయాక జైన్ యార్ జంగ్ పని నడిపించాడు.

కట్టడాన్ని దగ్గర నుంచి చూసినవారికి దాని ఎత్తుగడ అర్థమవుతుంది. రాయి ఈ నేలదే, గులాబీ ఛాయ ఉన్న గ్రానైటు. స్తంభాలు అజంతా ఎల్లోరాలనూ, గుళ్ల మండపాలనూ తలపిస్తాయి. కమానులు కుతుబ్‌షాహీలనూ, వారికి దూరపు చుట్టాలైన అరబ్బు దేశాల కట్టడాలనూ తలపిస్తాయి. నడుమ ఆకాశానికి ఎత్తిన పెద్ద కమాను, దాని ముందు వెడల్పాటి మెట్లు. హిందువూ ముసల్మానూ ఒకే గడపలోంచి లోపలికి పోవాలన్న మాటను రాయితో చెప్పడం వాస్తుశిల్పి ఉద్దేశం. రాయి ఆ మాట చక్కగానే చెప్పింది.

బి-హాస్టల్ ప్రార్థన గది

రాయి చెప్పిన మాట హాస్టలుకు చేరలేదు. 1938 చివర, ఆర్ట్స్ కాలేజీ గోడలు ఇంకా లేస్తుండగానే, క్యాంపస్‌లోని బి-హాస్టల్ ప్రార్థన గదిలో విద్యార్థులు వందేమాతరం పాడారు. ఔరంగాబాదు కళాశాల హాస్టల్‌లో అప్పటికే ఆ గొడవ రేగి ఉంది. పాడరాదని అధికారులన్నారు, పాడితీరుతామని విద్యార్థులన్నారు. సమ్మె జరిగింది, వందల మందికి చదువు పోయింది. హైదరాబాదు రాజ్యంలో ఏ కళాశాలా తీసుకోకపోతే నాగపూర్ విశ్వవిద్యాలయం వారికి తలుపు తెరిచింది. అలా నాగపూర్ చేరిన వారిలో తర్వాతి కాలపు ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు ఒకరు. ఆయన హనుమకొండ విద్యార్థి. హాస్టల్ గదుల్లో మొదలైన మాట రాజ్యమంతా పాకిందనడానికి ఆయన ప్రయాణమే సాక్ష్యం.

ఏడాది తిరిగేసరికి కట్టడం పూర్తయింది. 1939 డిసెంబరు 4న ఆర్ట్స్ కాలేజీ ప్రారంభమైంది. ఈ రెండు తేదీలను చరిత్ర పుస్తకాలు వేరువేరు అధ్యాయాల్లో పెడతాయి, ఒకటి వాస్తుకళలో, ఒకటి స్వాతంత్ర్యోద్యమంలో. కలిపి చదివితేనే వాటి అర్థం తెలుస్తుంది. సముదాయాన్ని కలపాలని కట్టిన కేంద్రం తలుపులు తెరుచుకునేసరికి ఆ సముదాయంలో కొంత భాగం వందల కిలోమీటర్ల దూరంలో, మరో ఊరి బెంచీల మీద కూర్చుని ఉంది. మండపం సిద్ధం, సీమలో మనుషులు తక్కువ.

దీన్ని ఒకవైపు నుంచే చూడడం సరికాదు. భారతీయ భాషలో శాస్త్రాలన్నీ బోధించవచ్చని నిరూపించిన సాహసం ఉస్మానియాది. రాయప్రోలు సుబ్బారావు లాంటి కవి అక్కడ తెలుగు శాఖను నడిపాడు. కానీ రాజ్యంలో ఎక్కువ మంది తెలుగు, మరాఠీ, కన్నడం మాట్లాడేవారు. సూర్యాపేట నుంచి వెళ్లిన తెలుగు పిల్లవాడు కెమిస్ట్రీని ఉర్దూలో నేర్చుకుని, రాత్రి హాస్టల్లో తెలుగులో దాన్ని నెమరువేసుకోవాలి. పరాయి భాష పెత్తనాన్ని తెంచుకున్న విశ్వవిద్యాలయం ఇంటి భాషల్లో ఒకదాన్నే ఇంటి పెద్దగా కూర్చోబెట్టింది. 1948 సెప్టెంబరు పోలీసు చర్య తర్వాత బోధన ఇంగ్లీషుకు మారింది. దాంతో భాష విషయంలో అందరూ సమానమయ్యారు, ఎవరి భాషా కాదు కాబట్టి.

మెట్లే రచ్చబండ

విద్యార్థుల కలయిక కోసమే వేరుగా ఒక భవనం కట్టాలన్న ఆలోచన బయటి దేశాల్లో పాతది. కేంబ్రిడ్జి యూనియన్ 1815లో, ఆక్స్‌ఫర్డు యూనియన్ 1823లో వాదోపవాద సంఘాలుగా మొదలయ్యాయి. అమెరికాలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం 1896లో హ్యూస్టన్ హాల్ తెరిచింది. అక్కడ విద్యార్థి భవనాలకు అదే మొదటిదని చెప్పుకుంటారు. ఉస్మానియా పటంలో లైబ్రరీ, హాస్టళ్లు, తర్వాత వచ్చిన టాగోర్ ఆడిటోరియం, ల్యాండ్‌స్కేప్ గార్డెన్ ఉన్నాయి. అయినా ‘ఎక్కడ కలుద్దాం’ అంటే ఓయూ విద్యార్థి నోట వచ్చే మొదటి మాట ఆర్ట్స్ కాలేజీ మెట్లు.

వాస్తుశిల్పి ఆ మెట్లను లోపలికి పోయే దారిగా గీశాడు. విద్యార్థులు వాటిని కూర్చునే చోటుగా మార్చారు. కారణాలు వెతకడం కష్టం కాదు. ఆడిటోరియానికి తాళముంటుంది, బుకింగుంటుంది, కుర్చీల లెక్కుంటుంది. మెట్లకు ఇవేవీ లేవు. పది మంది వచ్చినా పలచగా కనిపించదు, పది వేల మంది వస్తే ముందున్న మైదానంలోకి పొంగిపోతుంది. పై మెట్టు మీద నిలబడితే వేదిక, కింది మెట్ల మీద కూర్చుంటే సభ. ఊళ్లో రావిచెట్టు కింద రచ్చబండకు ఏ ఇంజినీరూ నమూనా గీయడు, నలుగురూ కూర్చోగా కూర్చోగా బండ నునుపు తేలుతుంది. ఈ మెట్ల కథా అంతే.

1969లో ప్రత్యేక తెలంగాణ ఉద్యమానికి ఉస్మానియా కేంద్రమైంది. ఆ విద్యా సంవత్సరం చదువు సాగలేదు. నలభై ఏళ్ల తర్వాత, 2009 నవంబరు చివర మళ్లీ అదే చోట జనం నిండారు. డిసెంబరు 9 రాత్రి ఢిల్లీలో తెలంగాణ ప్రకటన వెలువడేదాకా రాష్ట్రపు చూపంతా ఆర్ట్స్ కాలేజీ ముంగిటే నిలిచింది. 2010 జనవరి 3న విద్యార్థి గర్జన అక్కడే జరిగింది. రాజు తన పేరు నిలవాలని కట్టించిన గడప మీద జనం తమ రాష్ట్రం కావాలని కూర్చున్నారు.

ఆ కూర్చున్నవారిలో సీటు లేనివారూ ఉన్నారు. ఓయూ హాస్టళ్లలో ‘నాన్‌బోర్డర్’ అనే మాట తరాలుగా వాడుకలో ఉంది. జాబితాలో పేరు లేకున్నా స్నేహితుడి గదిలో నేల మీద చాప పరుచుకుని, ఉద్యోగ పరీక్షలకు చదువుకునేవాడు నాన్‌బోర్డర్. మెస్సులో ఒక ప్లేటు ఇద్దరికి సరిపోవాలి. అధికారుల దృష్టిలో ఇది నియమం తప్పడం. చరిత్రకారుడి దృష్టిలో ఇది ఇంకో సంగతి కూడా: విశ్వవిద్యాలయం గీసిన సీమ కంటే విద్యార్థులు గీసుకున్న సీమ పెద్దది.

కాలువ నీళ్లు, ఊరి కళాశాలలు

ఇంతలో ఊళ్లు మారాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన చేశాడు. లోయ మునిగేలోగా బౌద్ధ కట్టడాలను తవ్వి, ముఖ్యమైనవాటిని రాయి రాయిగా విప్పి కొండ మీదికీ అనుపుకూ తరలించారు. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీళ్లు వదిలింది. బోధిసిరి రోజుల నాటి లోయ మునిగిన నీళ్లే ఎడమ కాలువ వెంట మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ పొలాలకు చేరాయి. మెట్ట చేలు వరి మళ్లయ్యాయి. మిర్యాలగూడ చుట్టూ రైసు మిల్లుల గొట్టాలు లేచాయి. బీబీనగర్–నడికుడి రైలు మార్గం ఆ ఊరిని ఒకవైపు హైదరాబాదుకూ మరోవైపు గుంటూరుకూ కలిపింది. సూర్యాపేట, కోదాడలు హైదరాబాదు–విజయవాడ హైవే మీద ఎదిగాయి.

రెండో పంట చేతికొచ్చిన ఇంట్లో రెండో పిల్లవాడు కూడా కాలేజీకి పోతాడు, తర్వాత ఆడపిల్లా పోతుంది. ఊళ్లలో డిగ్రీ కళాశాలలు అలా నిలదొక్కుకున్నాయి. మిర్యాలగూడలో కె.ఎన్.ఎం. ప్రభుత్వ డిగ్రీ కళాశాల, కోదాడలో కె.ఆర్.ఆర్. ప్రభుత్వ కళాశాల, సూర్యాపేటలో ప్రభుత్వ ప్రైవేటు కళాశాలలు. ఇవన్నీ అప్పట్లో ఉస్మానియా అనుబంధాలు. అనుబంధం అనగానే 1857 నాటి కథ తిరిగి మొదలైనట్టే. ఉస్మానియా పేరు పట్టా మీద ఉంటుంది, మెట్లు మాత్రం హైదరాబాదులో ఉంటాయి. పొద్దున తొమ్మిదింటికి పల్లె నుంచి బస్సెక్కి వచ్చి, సాయంత్రం చివరి బస్సు దాటిపోకుండా పరుగెత్తే విద్యార్థికి కలుసుకునే చోటు ఏది? కళాశాల గేటు ముందు చాయ్ బండి, బస్టాండులో సిమెంటు బల్ల, జిరాక్సు షాపు ముందు నీడ. ఆ మూడింటికీ విశ్వవిద్యాలయ ప్రణాళికల్లో చోటు లేదు.

2007లో నల్లగొండకు సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. కొద్ది కాలానికే దానికి మహాత్మాగాంధీ పేరు పెట్టారు. అప్పటిదాకా ఉస్మానియా కింద ఉన్న ఉమ్మడి నల్లగొండ జిల్లా కళాశాలలు దాని పరిధిలోకి వచ్చాయి. నల్లగొండ శివార్లలో అన్నేపర్తి దగ్గర క్యాంపస్ లేచింది. దూరపు హైదరాబాదు స్థానంలో దగ్గరి కేంద్రం దొరికింది. తొలితరం చదువుల ఇళ్ల నుంచి వచ్చిన పిల్లలు, ముఖ్యంగా అమ్మాయిలు, ఇంటికి అందుబాటులో పీజీ చదవగలగడం చిన్న సంగతి కాదు.

అయినా సీమ లెక్క ఇంకా తేలలేదు. 2016 అక్టోబరు 11న ఉమ్మడి జిల్లా మూడు ముక్కలైంది. సూర్యాపేట జిల్లా కేంద్రమైంది, కోదాడ దాని కిందికి పోయింది, మిర్యాలగూడ నల్లగొండలోనే ఉండిపోయింది. మిర్యాలగూడ పిల్లవాడు రైల్లో నల్లగొండ చేరతాడు. సూర్యాపేట పట్టణానికి రైలు లేదు, బస్సే దిక్కు. కోదాడకు నల్లగొండ కంటే ఖమ్మం దగ్గర. చదువు రకాన్ని బట్టి కూడా పొలిమేరలు మారతాయి. బీఏ, బీకాం చదివే అక్క మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం విద్యార్థిని. ఇంజినీరింగ్ చదివే తమ్ముడు జేఎన్‌టీయూ హైదరాబాదు. 2019లో తెరిచిన సూర్యాపేట ప్రభుత్వ వైద్య కళాశాలలో సీటొచ్చిన మేనమామ కూతురిది వరంగల్‌లోని కాళోజీ విశ్వవిద్యాలయం. ఒకే ఇంటి అరుగు మీద మూడు విశ్వవిద్యాలయాలు కూర్చుని అన్నం తింటాయి. వాళ్లు ముగ్గురూ విద్యార్థులుగా కలుసుకునే చోటు మాత్రం ఆ అరుగే.

అలాంటి జిల్లాలో విశ్వవిద్యాలయం ఒక పెద్ద కేంద్రభవనం కడితే చాలదు. క్యాంపస్‌లో ఉండే కొద్దిమందికి అది బాగానే పనికొస్తుంది. అనుబంధ కళాశాలల్లో ఉన్న ఎక్కువ మందికి అది వెబ్‌సైటులో బొమ్మగానే మిగులుతుంది. ఉస్మానియా చరిత్ర చెప్పే పాఠం ఇదే. అక్కడ గొప్ప హాలు లేక సముదాయం చీలలేదు. హాలు కడుతున్నవారు ఎవరి భాష, ఎవరి ప్రార్థన, ఎవరి మంచం లెక్కలోకి రావాలో తేల్చకుండా కట్టినందువల్ల చీలింది. మెట్లు కలిపాయంటే, అక్కడ లెక్క అడిగేవారు లేనందువల్ల.

వినయపిటకంలో ఉపోసథం గురించి ఇంకో నియమం కూడా ఉంది. మంచాన పడ్డ భిక్షువు సమ్మతి పంపలేకపోతే ఏం చేయాలి? అతణ్ని మంచంతో సహా సభకు మోసుకురావాలి. మోస్తే ప్రాణానికే ముప్పు అనిపిస్తే? అప్పుడు సంఘమంతా లేచి అతని దగ్గరికే పోయి, అక్కడే ఉపోసథం చేయాలి. అతణ్ని వదిలేసి మాత్రం చేయకూడదు. మండపం ఎంత అందంగా ఉన్నా ఆ రోజుకు సంఘం కూర్చునే చోటు రోగి మంచం పక్కన.

1928లో సూర్యాపేటకు సభను మోసుకొచ్చినవారికి ఈ నియమం తెలిసి ఉండకపోవచ్చు, కానీ వారు చేసింది అదే. ఏడాదిలో కొన్ని వారాలైనా విశ్వవిద్యాలయపు నాటకం కోదాడ కళాశాల ఆవరణలో, కవి సమ్మేళనం మిర్యాలగూడలో, చరిత్ర సదస్సు ఫణిగిరి గుట్ట మీద జరిగితే, పునాది తవ్వకుండానే ఒక కేంద్రం నిలబడుతుంది. గుట్ట మీద స్తంభాలు ఇంకా నిలిచే ఉన్నాయి. కప్పు లేదు, తాళమూ లేదు. శలాకలు పంచి లెక్కపెట్టేవారే రావాలి.